వేతాళ పంచవింశతి: శ్మశానం నుంచి చందమామ దాకా చట్రకథ పరిణామం

వ్యాస సంగ్రహం

సంస్కృత కథాసాహిత్యంలో అద్భుత, భయానక రసాలకు ప్రసిద్ధమైన కథాసంపుటి వేతాళ పంచవింశతి. తెలుగు పాఠకులకు ఇది బేతాళ కథల పేరుతో చిరపరిచితం. 11వ శతాబ్దపు కాశ్మీరంలో సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరంలోని పాఠం మొదలుకొని 20వ శతాబ్దపు చందమామ దాకా ఈ సంపుటిలో వచ్చిన మార్పులను చారిత్రక దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కాలక్రమంలో ఉపకథలు మారినా వాటిని కలిపి ఉంచే చట్రకథ నిలిచింది. అయితే ఆ చట్రకథకు ఉన్న ముగింపు పాఠకుల జ్ఞాపకం నుంచి జారిపోయింది. దానివల్ల రాజు విజయానికి కారణంగా మూలం చూపిన అంశం ఒకటి, మనం గుర్తుంచుకున్న అంశం మరొకటి అయ్యాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వేతాళ పంచవింశతి, కథాసరిత్సాగరం, సోమదేవుడు, చట్రకథ, భయానక రసం, మౌనం, చందమామ.

1. ఉపోద్ఘాతం

"పట్టువదలని విక్రమార్కుడు" అనేది తెలుగులో స్థిరపడిన జాతీయం. ఎన్నిసార్లు ఓడినా మళ్లీ ప్రయత్నించేవారిని మెచ్చుకోవడానికీ, ఒక్కోసారి ఎగతాళి చేయడానికీ దీన్ని వాడుతాం. చెట్టు మీది శవాన్ని దించి భుజాన వేసుకుని, అది తప్పించుకున్న ప్రతిసారీ మళ్లీ వెనక్కి వెళ్లే రాజు ఈ జాతీయానికి మూలం. ఆ రాజు చివరికి గెలిచింది పట్టుదల వల్లనేనని ఈ మాట సూచిస్తుంది.

సోమదేవుని పాఠాన్ని చివరిదాకా చదివితే ఈ అభిప్రాయం నిలవదు. రాజు పట్టుదల అతన్ని ఇరవైమూడు సార్లు చెట్టు దగ్గరికి తిప్పింది. ఇరవైనాలుగో ప్రశ్నకు అతని దగ్గర జవాబు లేకపోయింది. అతన్ని గట్టెక్కించింది ఆ తెలియకపోవడమే. జాతీయం చెప్పేదానికీ మూలం చూపేదానికీ మధ్య ఈ తేడా ఎలా ఏర్పడిందన్నదే ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. సంస్కృత పాఠం గురించి చెప్పేటప్పుడు వేతాళుడు అనీ, తెలుగు సంప్రదాయం గురించి చెప్పేటప్పుడు బేతాళుడు అనీ ఇక్కడ వాడటం జరిగింది.

2. సోమదేవుని పాఠం - చారిత్రక నేపథ్యం

ఈ కథలు లభిస్తున్న పాఠాలలో కాశ్మీర పాఠాలు ప్రధానమైనవి. క్షేమేంద్రుని బృహత్కథామంజరి (11వ శతాబ్దం), క్రీ.శ. 1063-1081 మధ్య రచితమైనట్లు భావించే సోమదేవుని కథాసరిత్సాగరం రెండింటిలోనూ ఇవి ఉన్నాయి. రెండూ గుణాఢ్యుని పైశాచీ బృహత్కథకు సంగ్రహాలుగా చెప్పుకున్నవే. అయితే బృహత్కథనే ఆధారం చేసుకున్న బుధస్వామి శ్లోకసంగ్రహంలో వేతాళ కథలు కనిపించవు. అందువల్ల ఇవి మొదట వేరుగా ప్రచారంలో ఉండి, కాశ్మీర సంప్రదాయంలో బృహత్కథలో చేరి ఉంటాయన్నది పండితులలో బలమైన అభిప్రాయం. కథాసరిత్సాగరంలో ఇవి 12వ లంబకమైన శశాంకవతిలో, 75 నుంచి 99 వరకు గల తరంగాలలో ఉన్నాయి.

సోమదేవుడు తన గ్రంథాన్ని అనంతరాజు భార్య సూర్యవతి మనోవినోదం కోసం రచించినట్లు చెప్పుకున్నాడు. ఆ రాణి జీవితం వినోదానికి చాలా దూరంగా ముగిసింది. అనంతుడు కుమారుడైన కలశునికి రాజ్యం అప్పగించిన తరువాత తండ్రీకొడుకుల మధ్య వైరం పెరిగింది. 1081లో అనంతుడు ఆత్మహత్య చేసుకోగా సూర్యవతి చితి ప్రవేశించిందని కల్హణుని రాజతరంగిణి వల్ల తెలుస్తుంది. తండ్రీకొడుకుల చిక్కుతోనే వేతాళుని చివరి ప్రశ్న ముడిపడి ఉండటం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ ఆ రాణి ముందుకు వచ్చిన కథ అది అన్న ఎరుకతో చదివితే దాని బరువు పెరుగుతుంది.

తెలుగు పాఠకులు గమనించవలసిన అంశం మరొకటి ఉంది. సోమదేవుని పాఠంలో రాజు పేరు త్రివిక్రమసేనుడు. అతని నగరం గోదావరీ తీరాన ఉన్న ప్రతిష్ఠానం, అంటే శాతవాహనుల రాజధానిగా ప్రసిద్ధమైన నేటి పైఠాన్. గుణాఢ్యుడు పైశాచీ భాషలో, తన రక్తంతో ఏడు లక్షల శ్లోకాల కథ రాశాడనీ, శాతవాహన రాజు దాన్ని తిరస్కరించగా ఆరు లక్షలు అగ్నికి ఆహుతి చేశాడనీ చెప్పే ఐతిహ్యం కూడా ఈ రాజధానితోనే ముడిపడింది. ఉజ్జయినీ విక్రమాదిత్యుడు ఈ కథలకు నాయకుడు కావడం తరువాతి పరిణామం. మనం ఉత్తరదేశపు కథగా తలచే ఈ సంపుటికి కాశ్మీర కవి ఎంచుకున్న రంగస్థలం దక్కన్.

3. చట్రకథలో భయానకం

క్షాంతిశీలుడనే భిక్షువు రోజూ రాజసభకు వచ్చి రాజుకు ఒక పండు సమర్పిస్తాడు. రాజు దాన్ని కోశాధికారికి అందిస్తాడు. పదేళ్లు ఇలా గడుస్తాయి. ఒకనాడు ఆ పండు ఒక కోతి చేతికి చిక్కుతుంది. అది కొరికిన పండులోంచి అమూల్యమైన రత్నం బయటపడుతుంది. భాండాగారం తెరిపించి చూస్తే పాత పండ్లన్నీ కుళ్లిపోయి ఉంటాయి, వాటి స్థానంలో రత్నాల రాశి మెరుస్తూ ఉంటుంది. కుళ్లూ వెలుగూ ఒకే గదిలో ఉన్న ఈ దృశ్యం తరువాత రాబోయే కథకు సూచన. శ్మశానంలో శవం నోట వివేకం వెలువడబోతున్నది.

భిక్షువు తన మంత్రసాధనకు రాజు సహాయం కోరుతాడు. కృష్ణ చతుర్దశి రాత్రి రాజు మహాశ్మశానానికి వెళ్తాడు. దక్షిణాన శింశపా వృక్షానికి వేలాడుతున్న శవాన్ని తెమ్మని భిక్షువు ఆదేశిస్తాడు. రాజు చెట్టెక్కి తాడు కోయగానే కింద పడిన శవం దెబ్బతిన్నట్లు కేక వేస్తుంది. బతికే ఉన్నాడేమోనన్న దయతో రాజు దిగివచ్చి దాని శరీరాన్ని తడుముతాడు. అప్పుడా శవం వికటంగా నవ్వుతుంది. అందులో వేతాళుడు ఆవహించి ఉన్నాడని రాజుకు తెలిసేది ఆ నవ్వుతోనే.

ఇక్కడ సోమదేవుని నేర్పు గమనించదగినది. రాజు స్పందించిన తీరు దయ, దానికి వచ్చిన జవాబు నవ్వు. భయం చీకటి వర్ణన వల్లనే కలగలేదు. మంచి ఉద్దేశంతో చాచిన చేయి దేన్ని తాకిందో తెలిసిన క్షణంలో కలిగింది. సంపుటి మొత్తానికీ ఇదే పద్ధతి. రాజు దయతో, మాట నిలుపుకోవాలన్న ధర్మంతో చేస్తున్న పని నిజానికి ఎవరికి ఉపకరిస్తుందో అతనికి చివరిదాకా తెలియదు.

4. మాట, మౌనం - నియమం

దారిలో వేతాళుడు పొద్దుపోకకని ఒక కథ చెప్పి, చివర ప్రశ్న అడుగుతాడు. జవాబు తెలిసి కూడా చెప్పకపోతే రాజు తల వందముక్కలవుతుందని శాపం పెడతాడు. రాజు నోరు విప్పితే శవం మళ్లీ చెట్టు చేరుతుంది. తెలిసి చెప్పకపోతే మరణం, చెబితే చేసిన శ్రమ వృథా.

ఈ నియమంలో "తెలిసి" అన్న షరతు కీలకం. మౌనం వహించడం రాజు చేతిలో లేదు. అతను ఓర్పుతో నోరు మూసుకుని గెలవలేడు. తెలిసినవాడికి చెప్పే బాధ్యత ఉంది, దానికి మూల్యం చెల్లించక తప్పదు. ధర్మనిర్ణయం చేయవలసిన స్థానంలో ఉన్నవారందరికీ ఇది వర్తించే స్థితి. శ్మశానం, శవం, శాపం తొలగిస్తే ఈ ప్రశ్నలు తీరికవేళ పొడుపుకథలుగా మిగులుతాయి. జవాబు చెప్పకుండా తప్పుకునే వీలు లేకుండా చేస్తున్నది ఆ భయమే. భయానక రసం ఈ సంపుటికి పైపూత కాదనడానికి ఇది మొదటి ఆధారం.

5. రెండు ఉపకథలు

5.1 మందారవతి కథ

రెండో కథలో ముగ్గురు బ్రాహ్మణ యువకులు మందారవతిని కోరుకుంటారు. ఆమె జ్వరంతో మరణిస్తుంది. ఒకడు ఆమె చితాభస్మాన్నే పడకగా చేసుకుని శ్మశానంలో ఉండిపోతాడు. రెండోవాడు అస్థికలను గంగకు తీసుకువెళ్తాడు. మూడోవాడు దేశాలు తిరిగి, చనిపోయినవారిని బతికించే మంత్రం సంపాదిస్తాడు. ముగ్గురూ కలిసినప్పుడు ఆమె తిరిగి లేస్తుంది. ఆమె ఎవరి భార్య?

బతికించినవాడు తండ్రి చేసే పని చేశాడు, అస్థికలు గంగలో కలిపినవాడు కొడుకు చేసే పని చేశాడు, బూడిదను కౌగిలించుకుని పడుకున్నవాడే భర్త అని రాజు తీర్పు. మంత్రశక్తి గొప్పదైనా అది భర్తృత్వం కాదని ఈ జవాబు చెబుతుంది. తీర్పు తర్కబద్ధంగా ఉన్నా, మందారవతి ఇష్టం ఏమిటన్నది వేతాళుడూ అడగలేదు, రాజూ చెప్పలేదు. ఈ మౌనం నాటి సమాజానిది. దీన్ని గుర్తించకుండా ఈ కథలను నిత్యసత్యాలుగా బోధించడం సరికాదు.

5.2 నవ్విన బాలుడు

ఇరవయ్యో కథ ఈ సంపుటిలో అత్యంత భయంకరమైనది. చంద్రావలోకుడనే రాజు ఒక బ్రహ్మరాక్షసుని స్థానంలో తెలియక రాత్రి గడిపి వాడి ఆగ్రహానికి గురవుతాడు. ఏడేళ్ల బ్రాహ్మణ బాలుడు ఇష్టపూర్వకంగా ముందుకు రావాలి, తల్లిదండ్రులు కాళ్లూ చేతులూ పట్టుకోవాలి, రాజు స్వయంగా కత్తితో బలి ఇవ్వాలి. రాక్షసుడు పెట్టిన షరతు ఇది. రాజు బంగారు ప్రతిమను, వంద గ్రామాలను ప్రకటిస్తాడు. ఒక బాలుడు రాజు ప్రాణం కోసం, తల్లిదండ్రుల పేదరికం తీరడం కోసం ఒప్పుకుంటాడు. తల్లి చేతులు పట్టుకుంది, తండ్రి కాళ్లు పట్టుకున్నాడు, రాజు కత్తి దూశాడు. అప్పుడు ఆ పిల్లవాడు నవ్వాడు. ఎందుకు నవ్వాడు?

బలహీనుడికి ఆపద వస్తే తల్లిదండ్రులను పిలుస్తాడు. వారు లేకపోతే రాజును, రాజు కాదంటే దైవాన్ని పిలుస్తాడు. ఇక్కడ ఆ రక్షకులందరూ ఒకేచోట ఉన్నారు, తనను చంపడానికే ఉన్నారు. నశించే శరీరం మీద వారికి ఇంత మోహం ఉన్నందుకు బాలుడు నవ్వాడని రాజు జవాబు. ఇక్కడ రాక్షసుని రూపవర్ణన వల్ల కలిగే భయం తక్కువ. కుటుంబం, రాజ్యం, దైవం అనే మూడు రక్షణలూ ఒక్కటై పిల్లవాడి మీదికి రావడం అసలైన భయం. జవాబు చెబుతున్నవాడు కూడా ఒక రాజే కావడం వల్ల, ఈ తీర్పు అతని స్థానాన్నే ప్రశ్నిస్తున్నది.

6. చివరి ప్రశ్న, చివరి ఎత్తుగడ

ఇరవైనాలుగో కథలో ఒక తండ్రీ కొడుకూ అడవిలో ఇద్దరు స్త్రీల అడుగుజాడలు చూస్తారు. పెద్ద పాదాలు గల ఆమెను తండ్రి, చిన్న పాదాలు గల ఆమెను కొడుకు పెళ్లాడాలని ముందే మాట అనుకుంటారు. తీరా చూస్తే వారు తల్లీకూతుళ్లు. చిన్న పాదాలు తల్లివి. మాటకు కట్టుబడి తండ్రి కూతురినీ, కొడుకు తల్లినీ వివాహమాడతారు. వారికి పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు?

తెలుగు వరసలతో లెక్కిస్తే చిక్కు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. పుట్టిన ఇద్దరూ మగపిల్లలనుకుందాం. తండ్రికి పుట్టినవాడు కొడుకుకు తమ్ముడు, కనుక కొడుకుకు పుట్టినవాడికి బాబాయి. కొడుకుకు పుట్టినవాడు ఆ కూతురికి తమ్ముడు, కనుక తండ్రికి పుట్టినవాడికి మేనమామ. ఒకడు బాబాయి, రెండోవాడు మేనమామ. కొడుకుకు పుట్టినవాడికి ఒక ఆడపిల్ల కలిగితే, ఆమె తండ్రికి పుట్టినవాడికి ఒక లెక్కన మరదలు, మరో లెక్కన మనవరాలు. పెళ్లాడదగిన వరసా, పెళ్లాడకూడని వరసా ఒకే మనిషిలో కలుస్తున్నాయి. ఏ ధర్మశాస్త్రం ఆధారంగా రాజు ఇంతవరకు తీర్పులు చెప్పాడో ఆ వ్యవస్థకే ఇక్కడ పేరు దొరకలేదు. రాజు మౌనంగా నడిచాడు.

ఆ మౌనానికి మెచ్చి వేతాళుడు నిజం చెబుతాడు. శవం తెమ్మన్న భిక్షువు రాజునే బలి ఇవ్వబోతున్నాడు. సాష్టాంగపడమన్నప్పుడు ఎలాగో ముందు చూపించమని అడగాలి. రాజు తిరిగివచ్చేసరికి ఎముకల పొడితో గీసిన మండలం, రక్తపు కలశాలు, మానవ తైలంతో వెలిగే దీపాలు సిద్ధంగా ఉంటాయి. చెప్పినట్లే రాజు అడుగుతాడు, భిక్షువు వంగి చూపిస్తాడు, రాజు అతని శిరస్సు ఖండిస్తాడు. భిక్షువు కోరిన విద్యాధర చక్రవర్తిత్వం రాజుకు దక్కుతుంది. ఈ కథలు లోకంలో ప్రసిద్ధం కావాలని రాజు వరం కోరగా, ఇవి వినిపించే చోట యక్ష, వేతాళ, రాక్షసాదుల ప్రభావం ఉండదని వేతాళుడు అనుగ్రహిస్తాడు.

ఇక్కడ రెండు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, రాజు పట్టుదల అతన్ని తీసుకువెళ్తున్నది చావు దగ్గరికే. అతను మొదటి ప్రశ్నకే మౌనంగా ఉండగలిగి ఉంటే హెచ్చరిక వినకుండానే బలిపీఠం చేరేవాడు. ప్రతి జవాబూ ఓటమిలా కనిపించినా, నిజానికి అతన్ని ఆ రాత్రి మృత్యువు నుంచి ఆపింది. రెండు, భయపెట్టే శవం హితుడు, రత్నాలు ఇచ్చిన సాధువు హంతకుడు. భయం ఎక్కడుందో గుర్తించడంలో మన అలవాటు తప్పని సంపుటి నిరూపిస్తుంది. భయాన్ని దాటి వచ్చినవారికి భయం ఉండదన్న ఫలశ్రుతికి అర్థం ఇదే.

7. పాఠాంతరాలు, ప్రయాణాలు

కాశ్మీర పాఠాలతో పాటు శివదాసు, జంభలదత్తుల పాఠాలు ప్రసిద్ధాలు. మొదటిదాన్ని హైన్రిక్ ఊలె 1881లో లైప్‌జిగ్‌లో, రెండోదాన్ని ఎం.బి. ఎమెనో 1934లో ప్రకటించారు. పాఠాన్ని బట్టి కథల వివరాలు మారాయి. తలలు మారిన కథలో సోమదేవుడు స్త్రీ భర్తనూ సోదరుణ్నీ చూపగా, ఇతర పాఠాలలో సోదరుని స్థానంలో మిత్రుడు ఉన్నాడు. టామస్ మన్ 1940 నాటి నవలిక, గిరీశ్ కర్నాడ్ హయవదన నాటకం మిత్రుని రూపాన్నే అనుసరించాయి. టిబెట్, మంగోలియాలకు చేరిన శవకథలలో ధర్మప్రశ్న లేదు. కథ విని ఆశ్చర్యంతో నోరు జారితే చాలు, శవం తప్పించుకుంటుంది. తీర్పు చెప్పే రాజు అక్కడ మైమరచిన శ్రోతగా మారాడు.

1805లో ఫోర్ట్ విలియం కళాశాల పక్షాన లల్లూలాల్, మజ్హర్ అలీఖాన్ విలాల బైతాల్ పచీసీ వెలువడింది. కంపెనీ ఉద్యోగుల భాషాభ్యాసానికి అది పాఠ్యగ్రంథమైంది. 1870లో రిచర్డ్ బర్టన్ వీటిలో పదకొండు కథలను స్వేచ్ఛగా పెంచి ఆంగ్లంలో రాస్తూ వేతాళుణ్ని వాంపైర్ అన్నాడు. ఇది జాతి మార్చిన అనువాదం. ఐరోపా వాంపైర్ తన శవంతో తానే లేచివచ్చి రక్తం తాగే మృతుడు. వేతాళుడు పరాయి శవాన్ని ఆవహించి మాట్లాడేవాడు. ఒకడు మనిషి నుంచి రక్తం తీసుకుంటాడు, రెండోవాడు మాట తీసుకుంటాడు.

8. తెలుగులో విక్రమార్క - బేతాళ సంప్రదాయం

15వ శతాబ్దంలో జక్కన విక్రమార్క చరిత్రం, కొఱవి గోపరాజు సింహాసన ద్వాత్రింశిక తెలుగులో విక్రమార్కుణ్ని సాహస, ఔదార్యాల నాయకుడిగా నిలబెట్టాయి. వేదం వేంకటరాయశాస్త్రి (1853-1929) కథాసరిత్సాగరాన్ని తెలుగు వచనంలోకి తెచ్చారు. అయితే బేతాళుణ్ని ఇంటింటికీ చేర్చింది 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి ప్రారంభించిన చందమామ. మూలంలోని కథలు పరిమితం కావడంతో, అదే చట్రంలో కొత్త కథలు అల్లడం ఆ పత్రిక ప్రత్యేకత అయింది. కత్తి దూసి, శవాన్ని భుజాన మోస్తున్న రాజును చిత్రించిన శంకర్ (కె.సి. శివశంకరన్) బొమ్మ తరాల పాఠకుల మనసులో నిలిచింది.

మాసపత్రిక శీర్షికకు ముగింపు ఉండకూడదు. వచ్చే నెల కథ ఉండాలంటే ఈ నెల రాజు మాట్లాడాలి, బేతాళుడు చెట్టెక్కాలి. జవాబు లేని ప్రశ్నకు అందులో చోటు లేదు. రాజు మౌనం వహించే రాత్రి రాకపోవడంతో బేతాళుని హెచ్చరిక, భిక్షువు మండలం కూడా నెలనెలా చదివేవారి కంటికి దూరమయ్యాయి. మిగిలింది అంతులేని రాకపోక. దాన్ని చూసిన పాఠకుడు పట్టుదల అని పేరు పెట్టాడు. జాతీయానికీ మూలానికీ నడుమ కనిపించే దూరానికి ప్రధాన కారణం ఇదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. దీన్ని చందమామ లోపంగా చూడనవసరం లేదు. పిల్లల చేత జవాబు ఆలోచింపజేయడం కూడా మూలంలోని ఒక పార్శ్వమే, దాన్ని ఆ పత్రిక సమర్థంగా నిలబెట్టింది.

9. ఉపసంహారం

వేతాళ పంచవింశతి పిల్లల నీతికథల వరుసలో స్థిరపడటం వల్ల దాని భయానక స్వరూపం విమర్శకుల దృష్టికి తక్కువగా వచ్చింది. పరిశీలించిన మేరకు ఈ సంపుటిలో భయం మూడు పనులు చేస్తున్నది. ప్రశ్న నుంచి తప్పించుకునే దారి మూస్తున్నది. రక్షకులే హంతకులయ్యే స్థితిని చూపుతున్నది. చివరికి తీర్పరి తన జ్ఞానానికి హద్దు తెలుసుకునేలా చేస్తున్నది. ఆధునిక తెలుగు భయానక కథను అధ్యయనం చేసేవారు పాశ్చాత్య నమూనాలతో పాటు ఈ సంపుటిని కూడా ప్రమాణంగా తీసుకోవచ్చు. పాఠ్యాంశంగా బోధించేటప్పుడు ఒకటి రెండు ఉపకథలతో ఆపకుండా చివరి రెండు తరంగాలను కలిపి చదివించడం అవసరం. అప్పుడు విద్యార్థికి పట్టువదలని రాజుతో పాటు, తనకు తెలియదని గ్రహించి నోరు మెదపకుండా నడిచిన రాజు కూడా పరిచయమవుతాడు. ఆ రాత్రి ప్రాణాలతో ఇల్లు చేరింది ఈ రెండో రాజే.